సాదాబైనామా ఒకరిది, పంపకం మరొకరిది: భూమి దావాకు సిద్ధమయ్యే విధానం

తెలంగాణ పల్లెల్లో ఒకే సర్వే నంబరుపై ఇద్దరు హక్కు చెప్పుకునే తగాదాల్లో తరచుగా కనిపించేది ఇది: ఒకరు తమ తాత తెల్లకాగితంపై రాయించుకున్న సాదాబైనామాను, అంటే రిజిస్టరు కాని కొనుగోలు కాగితాన్ని, చూపుతారు, మరొకరు పెద్దమనుషుల సమక్షంలో జరిగిన నోటి పంపకంలో ఆ చెలక తమ పాలికి వచ్చిందంటారు. ఊరు రెండింటినీ మన్నిస్తుంది, కోర్టు మాత్రం రుజువైనంత మేరకే మన్నిస్తుంది. పైగా వాది తన హక్కు బలంతో గెలవాలే గాని, ప్రతివాది కాగితాల్లోని లోపాన్ని నమ్ముకుని గెలవలేడు.

ముందుగా భూమిని నిర్దిష్టంగా గుర్తించండి. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు హద్దులు దావాలో ఒక రకంగా, పత్రంలో మరో రకంగా ఉంటే మంచి కేసు కూడా అక్కడే కూలిపోతుంది. తర్వాత సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, ఆపై ఏళ్ల పహాణీల (పట్టా ఎవరిదో, సాగు ఎవరిదో రాసే రెవెన్యూ రికార్డుల) ధ్రువీకృత నకళ్లు తీసుకుని, పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు (భూమి ఎవరి స్వాధీనంలో ఉందో చూపే) కాలమ్‌ను కూడా ఏడాది వారీగా చదవండి. పాస్‌బుక్‌లో పేరుంటే హక్కు వచ్చినట్లేనని చాలామంది నమ్ముతారు, అది పొరపాటు. రెవెన్యూ నమోదు స్వాధీనానికి సాక్ష్యమే తప్ప దానంతట అదే యాజమాన్యాన్ని ఇవ్వదు.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయలు, ఆపై విలువ గల స్థిరాస్తి విక్రయ దస్తావేజును రిజిస్టరు చేయించాలి కాబట్టి, సాదాబైనామా ఒక్కటే హక్కును నిలబెట్టదు. స్టాంపు సుంకం, జరిమానా చెల్లించాక, స్వాధీనం ఏ రకంగా వచ్చిందో చూపడం వంటి అనుబంధ ప్రయోజనానికి దాన్ని వాడుకోవచ్చు. రెవెన్యూ శాఖ ఆ సాదాబైనామాను క్రమబద్ధీకరించి 13-బి ధ్రువపత్రం ఇచ్చి ఉంటే ఆ కేసు బలమే వేరు. అసలు కాగితం మడతల దగ్గర చిరుగుతున్నా దయచేసి లామినేషన్ చేయించకండి, ఎందుకంటే వేలిముద్రనూ సిరానూ నిపుణుడు పరీక్షించవలసిన రోజు రావచ్చు.

పంపకం వైపు వారు ఒక్క వాక్యం దగ్గర ఆగి చూసుకోవాలి. హిందూ కుటుంబంలో నోటి పంపకం చెల్లుతుంది, లోగడ జరిగిన పంపకాన్ని జ్ఞాపకార్థం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ "ఈ రోజు ఈ కాగితం ద్వారా పంచుకుంటున్నాము" అని రాసి ఉంటే అదే పంపక దస్తావేజు అవుతుంది, రిజిస్ట్రేషన్ తప్పదు. పంపకాన్ని కళ్లారా చూసిన వృద్ధులుంటే వారి సాక్ష్యం గురించి న్యాయవాదితో వెంటనే మాట్లాడండి.

కోర్టును ఏ ఉపశమనం అడగాలన్నది అన్నిటికంటే జాగ్రత్తగా తేల్చుకోవలసిన విషయం. 2008లో అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసినట్లు, హక్కుపై గట్టి వివాదం ఉండి భూమి చేతిలో లేనప్పుడు హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ కోరాలి, అవసరమైతే నిషేధాజ్ఞ (ఎదుటివారు భూమి జోలికి రాకుండా ఆపే ఉత్తర్వు) కూడా కోరాలి గాని, ఉత్త నిషేధాజ్ఞ దావా చాలదు. హక్కు ప్రకటనకు కాలపరిమితి సాధారణంగా, దావా వేసే హక్కు మొదట తలెత్తిన నాటి నుంచి 3 ఏళ్లు, హక్కు ఆధారంగా స్వాధీనం కోరడానికి ప్రతివాది అనుభవం వాది హక్కుకు ప్రతికూలంగా మారిన నాటి నుంచి 12 ఏళ్లు.

హద్దులపై పేచీ ఉంటే అడ్వొకేట్ కమిషనర్‌ను (భూమిని చూసి నివేదిక ఇచ్చేందుకు కోర్టు పంపే న్యాయవాదిని) నియమించమని కోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. సర్వేయరు గొలుసు పట్టే రోజున మీరు స్వయంగా గట్టు మీద ఉండి, కొలత ఏ రాయి నుంచి మొదలైందో రాసుకోండి, తేడా ఉంటే నివేదికపై అభ్యంతరాలను లిఖితపూర్వకంగా దాఖలు చేయండి.