రెండో ఏడాదికి ముందు సెమినార్: చేరేలోగా చూసుకోవలసినవి

తరగతులు మొదలయ్యేలోపు ఒకే అంశాన్ని రెండు మూడు వారాలు గట్టిగా చదివించే సెమినార్ ఇది. ఉండేది గుప్పెడు మందే కాబట్టి వెనక బెంచీలో తలదాచుకోవడం కుదరదు.

– ముందుగా ఇచ్చిన పాఠాలు చదివే వెళ్లండి. గబగబా అన్నీ తిరగేయడం కంటే పేజీ అంచున పెన్సిల్‌తో ఒక సందేహం రాసుకోవడం మేలు. "రచయిత ఈ మాట ఏ ఆధారంతో అన్నారు?" అన్న చిన్న ప్రశ్నతోనే చర్చ అరగంట నడుస్తుంది. సారాంశాలు మాత్రమే చదివి వచ్చినవాళ్లు పది నిమిషాల్లో దొరికిపోతారు.

– హైదరాబాద్‌లో పుస్తకాల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, ఆదివారమైతే అబిడ్స్ ఫుట్‌పాత్‌లు. కోఠీలో బేరం తప్పదు.

– మొదటి ఏడాది బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టుల) పరీక్షలు ఆ తేదీల్లోనే పడతాయేమో చూసుకోండి. చాలామంది మరిచేది ఇదే. క్రెడిట్లు ఇస్తారా, ఒక్కరోజు మానితే ఏమవుతుంది? నోటిమాట నమ్మకుండా రాతపూర్వకంగా తెలుసుకోండి.

– హాస్టల్, మెస్ అప్పటికి తెరుస్తారా? వార్డెన్‌ను అడగండి.

– సెమినార్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అయితే తార్నాక మెట్రో దగ్గర. గచ్చిబౌలి వైపు అయితే వాన పడిన రోజు గంట ముందే బయలుదేరాలి. గొడుగుతో పాటు నోట్సుకు ప్లాస్టిక్ కవరు కూడా ఉండాలి.