అమెరికాలో చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్: మార్చి నుంచి జూన్ దాకా ఏం పట్టించుకోవాలి, ఎలా?

మార్చి రాగానే స్కూలు నుంచి ఈమెయిళ్లు వరద కడతాయి. బుక్ ఫెయిర్, పైజామా డే, స్ప్రింగ్ కాన్సర్ట్, కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్, బడ్జెట్ వర్క్‌షాప్, ఒంటిపూట బడి, మధ్యలో క్లాసులో పేలు కనిపించాయంటూ నర్సు ఉత్తరం. మొదట్లో అన్నీ చదివేవాళ్లు కూడా కొన్నాళ్లకు ఏదీ తెరవరు. చిక్కేమిటంటే, వచ్చే ఏడాది స్కూలు ఎలా ఉండబోతోందో చాలావరకు తేలిపోయేది ఈ నాలుగు నెలల్లోనే. ఎంతమంది టీచర్లు ఉంటారు, మ్యూజిక్ ఉంటుందా పోతుందా, ఇంటి మీద స్కూల్ ట్యాక్స్ ఎంత పెరుగుతుంది, సెలవులు ఎప్పుడు. పైజామా డే మర్చిపోతే పిల్లాడు ఒకరోజు అలుగుతాడు. బడ్జెట్ ఓటు మర్చిపోతే ఏడాదంతా అనుభవించాలి.

ఇక్కడ చెప్పేది న్యూయార్క్ రాష్ట్రం పద్ధతి. ఒక ఊరి, లేదా కొన్ని ఊళ్ల స్కూళ్లన్నిటినీ కలిపి నడిపేదే స్కూల్ డిస్ట్రిక్ట్. ఆ ఒక్క రాష్ట్రంలోనే దాదాపు 700 స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి. చిన్నవాటిలో అన్నీ కలిపి రెండు మూడు స్కూళ్లే ఉంటాయి. న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఉంటే తేదీలు, రూల్సు మీ దగ్గర కనుక్కోండి. మన దగ్గరైతే పైనుంచి జీవో వస్తుంది, డీఈవో ఆఫీసు అమలు చేస్తుంది. ఇక్కడ ఊరివాళ్లు ఎన్నుకున్న బోర్డు, ఊరివాళ్లు కట్టే పన్ను. కాబట్టి అడిగేవాళ్ల మాటకు విలువుంటుంది, సమయానికి అడిగితే.

1. ముందు క్యాలెండర్‌ను ఫోన్‌లోకి ఎక్కించండి

డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఏడాది క్యాలెండర్ ఉంటుంది. చాలాచోట్ల దాన్ని నేరుగా ఫోన్ క్యాలెండర్‌కు కలుపుకోవచ్చు. తర్వాత స్కూలు మెసేజ్‌లు పంపే యాప్‌లు పేరెంట్‌స్క్వేర్, రిమైండ్, క్లాస్‌డోజోలలో మీ స్కూలు ఏవి వాడుతుందో చూడండి. ఆఫీసు ఒకటి, క్లాస్ టీచర్ ఇంకొకటి వాడే చోట్లూ ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరి నంబర్లూ ఇవ్వండి. ఒక్కరి ఫోన్‌కే మెసేజ్‌లు వస్తే ఆ ఒక్కరికే టెన్షన్.

రెండు విషయాలు ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోండి. ఒకటి, హాఫ్ డే. ఆ రోజు బస్సు మధ్యాహ్నానికల్లా పిల్లల్ని తెచ్చేస్తుంది. చిన్న క్లాసుల పిల్లలైతే, స్టాప్ దగ్గర పెద్దవాళ్లెవరూ లేకపోతే చాలా డిస్ట్రిక్టుల్లో దింపరు, తిరిగి స్కూలుకు తీసుకెళ్లిపోతారు. రెండోది, మంచు సెలవుల లెక్క. ఏడాదికి 180 రోజులు బడి నడపాలన్నది రాష్ట్రం నిబంధన. చలికాలంలో మంచు వల్ల మరీ ఎక్కువ రోజులు మూతపడితే స్ప్రింగ్ బ్రేక్‌లో కొన్ని రోజులు కోసేస్తారు. మంచు తక్కువ పడితే మే చివర మెమోరియల్ డే పక్కన ఒకటో రెండో రోజులు సెలవు కలుస్తుంది. ఏప్రిల్‌లో ఫ్లోరిడాకో ఇండియాకో టికెట్లు కొనేముందు, బడి పెట్టాల్సివస్తే ముందుగా ఏ రోజులు తీసుకుంటారో క్యాలెండర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి.

2. కిండర్‌గార్టెన్‌లో చేర్చాలంటే కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి

డిసెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండే పిల్లలకు న్యూయార్క్‌లో ఆ సెప్టెంబరులో సీటు ఇస్తారు. టెక్సస్‌లో గడువు సెప్టెంబరు 1. రిజిస్ట్రేషన్ మాత్రం చలికాలం చివర్నుంచే మొదలవుతుంది. వయసు రుజువు, చిరునామా రుజువు, టీకాల రికార్డు అడుగుతారు. అద్దె ఇంట్లో ఉంటే లీజు కాగితం, కరెంటు బిల్లు పట్టుకెళ్లండి. వీసా ఏమిటని అడిగే హక్కు స్కూలుకు లేదు. ఇమ్మిగ్రేషన్ స్థితిని బట్టి పిల్లలకు చదువు నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది.

ఇండియాలో వేయించిన టీకాల పుస్తకం ఉంటే పీడియాట్రిషియన్‌కు చూపించండి. తేదీలు సరిచూసి ఇక్కడి ఫారంలో రాసిస్తారు, తక్కువైనవి వేస్తారు. చికెన్‌పాక్స్ టీకా మనవాళ్లకు ఎక్కువగా తగ్గేది. ఈ అపాయింట్‌మెంట్ ఆగస్టు దాకా లాగొద్దు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాణ్ని వేరే క్లాసులో కూర్చోబెడతారని భయపడి ఇంగ్లిష్ అని రాసేవాళ్లున్నారు. అలా రాయకండి. తెలుగు అని రాస్తే ఇంగ్లిష్ ఎంత వచ్చో ఒకసారి చూస్తారు. వస్తే మామూలు క్లాసే, రాకపోతే అదనంగా నేర్పిస్తారు, దానికి ఫీజు ఉండదు.

3. బడ్జెట్ ఎలా చదవాలి

చాలామంది వదిలేసేది ఇదే, అందరికంటే ఎక్కువ తగిలేదీ ఇదే. జనవరిలో గవర్నర్ బడ్జెట్‌తో రాష్ట్రం నుంచి ఎంత సాయం రావచ్చో అంచనా తెలుస్తుంది. మిగతాది ఇంటి పన్ను నుంచి రావాలి. మార్చి, ఏప్రిల్‌లలో బోర్డు లెక్కలు వేసి ఖాయం చేస్తుంది, మే మొదట్లో పబ్లిక్ హియరింగ్ పెడుతుంది. మే నెల మూడో మంగళవారం ఊరు ఓటేస్తుంది.

పోస్టులో ఓ నోటీసో న్యూస్‌లెటరో వస్తుంది. పిజ్జా కూపన్లతో కలిపి చెత్తబుట్టలో వేయకండి. లెక్కలు మూడు భాగాలుగా ఉంటాయి: చదువు ఖర్చు, ఆఫీసు నిర్వహణ ఖర్చు, భవనాలూ అప్పుల ఖర్చు. మొత్తం అంకె చూసి హడలిపోయి లాభం లేదు. జీతాలు, హెల్త్ ఇన్సూరెన్స్, పెన్షన్ ఏటా వాటంతటవే పెరుగుతాయి. మీరు చూడాల్సింది ఎన్ని టీచర్ పోస్టులు తగ్గుతున్నాయి, రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లను తీసుకుంటున్నారా, లేట్ బస్ (బడి అయ్యాక క్లబ్బులకో ఆటలకో ఆగిన పిల్లల్ని దింపేది) ఉంటుందా అన్నవి. అప్పుడప్పుడూ కింద రెండో ప్రతిపాదన ఒకటి ఉంటుంది, ఎక్కువసార్లు కొత్త బస్సుల కొనుగోలు. దానికి ఓటు విడిగా వేయాలి.

పన్ను వసూళ్ల పెంపుకు 2011 నుంచి పరిమితి ఉంది. 2 శాతం, లేదా ద్రవ్యోల్బణం, రెండింట్లో ఏది తక్కువైతే అది మూలం, దానిమీద కొన్ని మినహాయింపులు. ఇది డిస్ట్రిక్ట్ మొత్తం వసూలుకు వర్తించే లెక్క. మీ ఒక్క ఇంటి బిల్లు అంతకన్నా ఎక్కువే పెరగొచ్చు. పరిమితి దాటాలనుకుంటే బోర్డుకు 60 శాతం ఓట్లు కావాలి, పరిమితి దాటకపోతే సగానికి పైన వస్తే చాలు. ఓడిపోతే జూన్ మూడో మంగళవారం మళ్లీ పెట్టుకోవచ్చు. రెండోసారీ ఓడితే పన్ను వసూలు నిరుటి అంకె దాటడానికి వీల్లేదు. అప్పుడు కోత మొదట పడేది క్రీడల మీద, క్లబ్బుల మీద.

ఓటెవరికి? అమెరికా పౌరులై, 18 ఏళ్లు నిండి, డిస్ట్రిక్ట్‌లో కనీసం 30 రోజులుగా ఉంటున్నవాళ్లకు. గ్రీన్ కార్డున్నవాళ్లకు లేదు. ఎవరో రమ్మన్నారని వెళ్లి ఓటేశారంటే ఇమ్మిగ్రేషన్‌లో పెద్ద తలనొప్పి తెచ్చుకున్నట్టే. పిల్లలు బడిలో లేనివాళ్లూ, అంటే మీ వీధిలో రిటైరైన దంపతులూ ఓటర్లే. వాళ్లకు పన్ను కనిపిస్తుంది, బడి కనిపించదు. కాస్త పరిచయముంటే స్కూల్లో ఏం జరుగుతోందో మీరే చెప్పండి. కొన్ని వందల ఓట్లే పడే చోట ఆ రెండు ఓట్లు తక్కువేం కాదు.

4. ఓటు లేకపోయినా బోర్డు మీటింగ్‌కు వెళ్లండి

మీటింగ్ సాధారణంగా సాయంత్రం, స్కూల్ లైబ్రరీలోనే. బోర్డు సభ్యులు ముందు బల్లల దగ్గర, జనం ఎదురుగా మడత కుర్చీల్లో. బడ్జెట్ సీజన్ కాకపోతే సగం కుర్చీలు ఖాళీ. తలుపు దగ్గర పేరు రాసే కాగితం ఉంటుంది, మాట్లాడాలంటే వెళ్లగానే అందులో రాయండి. చాలాచోట్ల మూడు నిమిషాలిస్తారు. ఎజెండా, కాగితాలు ముందురోజే వెబ్‌సైట్‌లో చూసుకోండి.

టీచర్ పేరో పిల్లల పేరో ఎత్తొద్దు, వెంటనే ఆపేస్తారు. వీసా, ఉద్యోగం, ఎన్నేళ్లుగా ఇక్కడున్నారన్న ఉపోద్ఘాతమూ వద్దు. "మా అమ్మాయి మూడో తరగతి. వచ్చే ఏడాది ఒక సెక్షన్ తీసేస్తామన్నారు. అప్పుడు ఒక్కో క్లాసులో ఎంతమంది అవుతారు?" ఇంతే చాలు. అక్కడికక్కడ జవాబు రాకపోవచ్చు. మర్నాడు అదే ప్రశ్న డిస్ట్రిక్ట్ పెద్ద అధికారి అయిన సూపరింటెండెంట్‌కు ఈమెయిల్‌లో పంపండి. చిన్న డిస్ట్రిక్ట్‌లో సూపరింటెండెంటే జవాబు రాయడం మామూలే.

దీపావళికి సెలవు కావాలనుకునేవాళ్లకూ చోటు ఇదే. వచ్చే ఏడాది క్యాలెండర్‌ను బోర్డు చలికాలం చివర, వసంతంలో ఖాయం చేస్తుంది. అక్టోబరులో వాట్సాప్ గ్రూపులో వాదించుకుంటే ఆ ఏడాదికి అయ్యే పని కాదు.

5. మల్టీకల్చరల్ నైట్‌లో బల్ల తీసుకోండి

రకరకాల దేశాల కుటుంబాలు తలా ఓ బల్ల మీద తమ తిండి, భాష, ఆచారాలు చూపించే సాయంత్రం ఇది. ఉగాది రోజులకు కాస్త అటూఇటూగా చాలా స్కూళ్లలో పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) దీన్ని పెడుతుంది. ముందు అడగాల్సింది తిండి రూల్సు. ఇంట్లో చేసినవి వద్దనే స్కూళ్లున్నాయి. ఒప్పుకున్నా ఏమేం వేశారో కార్డు మీద రాసి పెట్టాలి. పులిహోరలో వేరుశనగ వేశారంటే గొడవే, ఎలర్జీ ఉన్న పిల్లలుంటారు. జీడిపప్పు కూడా మానేయండి.

తిండి లేకపోయినా ఫర్వాలేదు. లావుపాటి స్కెచ్ పెన్నులు, తెల్ల కార్డులు పెట్టుకుని, వచ్చిన పిల్లల పేర్లు తెలుగులో రాసివ్వండి. క్రిస్టోఫర్‌కు క్ర, స్ట, ఫ గుండ్రంగా తిరిగితే చూస్తూ నిలబడతాడు, వెనక లైను పెరుగుతుంది. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యనో అమ్మమ్మనో ఆ కుర్చీలో కూర్చోబెట్టండి, ఇంగ్లిష్‌తో పెద్దగా పని పడదు.

6. పరీక్షల గురించి

మూడు నుంచి ఎనిమిది తరగతులకు వసంతంలో రాష్ట్ర పరీక్షలుంటాయి. ట్యూషన్ పెట్టించాల్సినంత వ్యవహారం కాదు. ఆ రోజులు ప్రయాణాలు పెట్టుకోకుండా, పెందలాడే పడుకోబెడితే చాలు. టీచర్‌ను అడగాల్సింది క్లాసులో ఎన్నో ర్యాంకని కాదు, ర్యాంకులు చెప్పరు. వచ్చే ఏడాది లెక్కల్లో ఏ స్థాయి క్లాసుకు సిఫారసు చేస్తున్నారో అడగండి, ముఖ్యంగా ఆరో తరగతికి వెళ్లేవాళ్ల విషయంలో. మాట్లాడటానికి ఇంగ్లిష్ అడ్డమైతే దుబాసీని ముందే కోరండి. ఏర్పాటు చేయాల్సిన బాధ్యత స్కూలుదే, ఖర్చూ వాళ్లదే.

7. జూన్‌లో

న్యూయార్క్ బడులు జూన్ చివరి దాకా నడుస్తాయి. హైస్కూల్ పిల్లలకు ఆ నెలలోనే రీజెంట్స్ అనే రాష్ట్ర పరీక్షలు. ఇండియా టికెట్లు తీసుకునేముందు ఆ తేదీలు చూడండి. స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్, దాని చార్జర్, లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వాలి, పోతే బిల్లొస్తుంది. నర్సు దగ్గర మందులుంటే పెద్దవాళ్లే వెళ్లి తెచ్చుకోవాలి. ఆఖరివారం లాస్ట్ అండ్ ఫౌండ్ పెట్టె కూడా ఓసారి చూడండి. నవంబరు నుంచి కనపడని జాకెట్ అందులో ఉండొచ్చు. సెలవులిచ్చాక మిగిలినవి దానానికి పంపేస్తారు.