రియాక్షన్‌కు చోటెక్కడ? గేమ్ మాస్టర్ ఆగవలసిన ఘట్టాలు

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి పాచికలతో ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో, ఏదైనా ఒక సంఘటనకు బదులుగా, ఎక్కువగా ఇతరుల వంతు నడుస్తున్నప్పుడు, ఆటగాడు ప్రయోగించే శక్తులను రియాక్షన్లు అంటారు. వాటి మూల నియమం కష్టమైనదేమీ కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లోనూ, పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లోనూ మామూలుగా ఒక్కో పాత్రకు ఒక్క రియాక్షనే ఉంటుంది. అది ఖర్చయితే మళ్లీ తన వంతు మొదలైనప్పుడే చేతికి వస్తుంది. అయినా ఆట మధ్యలో తగాదాలు ఎక్కువగా వచ్చేది వీటి మీదే. నేను చూసినంతలో అందుకు కారణం నియమాలు తెలియకపోవడం కన్నా ఆటను నడిపే గేమ్ మాస్టర్ మాట్లాడే వేగమే. "విలుకాడు బాణం వేశాడు, తగిలింది, తొమ్మిది పాయింట్ల గాయం" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తే, ఆటగాడు కల్పించుకోగలిగిన ఘట్టాలన్నీ ఆ ఒక్క వాక్యంలోనే దాటిపోతాయి.

కాబట్టి మొదట అలవరచుకోవలసింది దాడిని ముక్కలుగా విడదీసి చెప్పడం. ఆర్మర్ క్లాస్ (దాడి తగలాలంటే దాని మొత్తం చేరుకోవలసిన సంఖ్య) 15 ఉన్న మాంత్రికురాలి మీద విలుకాడు దాడి చేస్తున్నాడనుకుందాం. ఎవరి మీద గురిపెట్టాడో ముందు చెప్పి, పాచిక వేసి, మొత్తం 17 అని ప్రకటించి ఆగాలి. ఐదో ఎడిషన్ 2014 నాటి నియమాల్లో లోర్ కాలేజీ బార్డ్ (గాయక మాంత్రికుడు) తన కటింగ్ వర్డ్స్ అనే శక్తితో ఆ సంఖ్యను తగ్గించగలిగేది ఇక్కడే, అంటే పాచిక పడ్డాక, దాడి తగిలిందో లేదో తేల్చకముందు. ఎవరూ కల్పించుకోకపోతే "తగులుతోంది" అని మరోసారి ఆగాలి. షీల్డ్ అనే రక్షణ మంత్రానికి ట్రిగ్గర్, అంటే దాన్ని వాడే అవకాశమిచ్చే సంఘటన, దాడి తగలడమే కనుక మాంత్రికురాలు దాన్ని ఇప్పుడే వాడాలి. అప్పుడు ఆర్మర్ క్లాస్ 5 పెరిగి 20 అవుతుంది, తగలబోయిన ఆ బాణమే తప్పిపోతుంది, ఆ పెంపు ఆమె తర్వాతి వంతు మొదలయ్యేదాకా నిలుస్తుంది. గాయానికి పాచికలు వేయవలసింది ఆ తర్వాతే. మొత్తాన్ని దాచిపెట్టే గేమ్ మాస్టర్లూ ఉన్నారు గాని, చెప్పడమే మంచిదని నా అభిప్రాయం. దాడి మొత్తం 23 అయినప్పుడు షీల్డ్ ఆ దాడిని ఆపలేదని తెలియక ఆటగాడు విలువైన స్పెల్ స్లాట్‌ను (మంత్రం వేసేందుకు ఉన్న పరిమిత అవకాశాల్లో ఒకదాన్ని) పోగొట్టుకోవడంలో ఉత్కంఠ ఏమీ లేదు.

రియాక్షన్ ట్రిగ్గర్‌కు ముందు జరుగుతుందా, తర్వాతా అన్నది రెండో చిక్కు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఈ రెండింటినీ ఇంటరప్ట్, రియాక్షన్ అని వేర్వేరు పేర్లతో విడదీసింది. ఐదో ఎడిషన్‌లో ఆ విభజన లేదు కనుక ప్రతి శక్తి వివరణనూ విడిగా చదవాలి. వేళ ప్రస్తావన లేకపోతే ట్రిగ్గర్ ముగిశాకే రియాక్షన్ జరిగినట్టు లెక్క. పక్క నుంచి వెళ్లిపోతున్న శత్రువును కొట్టే ఆపర్చునిటీ అటాక్‌కు మాత్రం వేళ స్పష్టంగా ఉంది: శత్రువు మన అందుబాటు దాటడానికి సరిగ్గా ముందు. అందుకే పారిపోతున్న గోబ్లిన్ ఆ దెబ్బకు చచ్చిపోతే మన పక్కనే పడుతుంది గాని, పది అడుగుల అవతల కాదు.

ఒక పనిని ముందే సిద్ధం చేసుకుని, చెప్పిన ట్రిగ్గర్ రాగానే రియాక్షన్‌గా చేసే రెడీ యాక్షన్‌లో ఈ తేడా ఇంకా ముఖ్యం. "వాడు నా మీద బాణం వేస్తే గోడ చాటుకు తప్పుకుంటాను" అని ఆటగాడు అంటే, ట్రిగ్గర్ ముగిశాకే రియాక్షన్ కనుక, బాణం తగిలిన తర్వాతే అతడు కదులుతాడు. ఈ సంగతి అప్పుడే చెప్పి, "వాడు తలుపు దాటి లోపలికి అడుగుపెట్టగానే" వంటి, కంటికి కనిపించే, దాడికి ముందే పూర్తయ్యే సంఘటనను ఎంచుకొమ్మని సూచించాలి. మంత్రాన్ని సిద్ధం చేసుకున్నవారికి మరో హెచ్చరిక అవసరం: స్లాట్ అప్పుడే ఖర్చవుతుంది, ఏకాగ్రత నిలవాలి, ట్రిగ్గర్ రాకపోతే మంత్రం వృథా.

ఇతరుల మంత్రాన్ని ఆపే కౌంటర్‌స్పెల్ విషయంలో నేను ఎన్నోసార్లు పొరబడ్డాను. దాని ట్రిగ్గర్ అరవై అడుగుల లోపల ఎవరో మంత్రం వేస్తుండగా చూడడం. ఫలితం చూడడం కాదు. "ఫైర్‌బాల్ వేశాడు, అందరూ సేవింగ్ త్రో (దాని ప్రభావం నుంచి తప్పించుకునే పాచిక) వేయండి" అనేశాక ఎవరైనా ఆపబోతే ఆట వెనక్కి నడపవలసి వస్తుంది. "అతడు మంత్రం వేయడం మొదలుపెట్టాడు" అని చెప్పి రెండు క్షణాలు ఆగి, తర్వాతే పేరు చెప్పండి. ఆటగాళ్లు కూడా ఇదే పద్ధతి పాటించాలి, లేకపోతే గేమ్ మాస్టర్‌కు ముందే అన్నీ తెలిసిపోతాయి. ఒక కౌంటర్‌స్పెల్‌ను ఆపడానికి మరొకరు ఇంకొకటి వేస్తే, చివర వేసినదాన్ని ముందు తేల్చి, అక్కడి నుంచి వెనక్కి రావాలి.

ఎవరి రియాక్షన్ మిగిలి ఉందో గుర్తుంచుకోవడానికి ఒక్కొక్కరి ముందు ఒక బిళ్ల ఉంచితే సరిపోతుంది: వాడినప్పుడు బోర్లించాలి, తన వంతు రాగానే తిప్పాలి. ఆలస్యంగా గుర్తొచ్చినవారికి ఎంతవరకు అవకాశం ఇవ్వాలో ఆట మొదలుకాకముందే ఒప్పుకోండి. తర్వాతి పాచిక పడేదాకా సరే అన్నది మా బృందం పద్ధతి. శత్రువుల రియాక్షన్లకూ ఇదే గడువు వర్తించాలి కనుక, వాటిని ట్రిగ్గర్లతో సహా ఒక చీటీ మీద రాసి తెర వెనుక ఎదురుగా పెట్టుకోండి.