ఐరన్ మాత్రకు వేళ కుదర్చడం (వృద్ధాశ్రమాల్లో పెద్దలకు రక్తహీనత: 3వ పాఠం)

పోయిన పాఠంలో రక్త పరీక్ష కాగితం చూడటం నేర్చుకున్నాం. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనత. ఐరన్ లోపమేనని తేలి, డాక్టర్ మాత్ర రాశారనుకుందాం. ఇక పని మనది.

హనుమకొండలో నేను పనిచేసిన ఒక ఆశ్రమంలో పొద్దున చాయ్‌తోనే మాత్రలన్నీ ఇచ్చేవాళ్లం. ఒక అవ్వ రెండు నెలలు ఒక్క రోజూ మానకుండా వేసుకుంది. అయినా హిమోగ్లోబిన్ 8 దగ్గరే ఆగింది. చాయ్‌లో ఉండే టానిన్లు అనే వగరు పదార్థాలు ఐరన్‌ను పట్టేసి, ఒంటికి అందనీయవు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అవ్వ ఆయాసపడుతూ మెట్లెక్కడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అందుకే ముందు వేళ చూడండి. ఎనిమిదింటికి టిఫిన్, చాయ్ అయితే పదిన్నరకు మాత్ర, పన్నెండున్నరకు అన్నం. చాయ్‌కి, పాలకి, కాల్షియం మాత్రకి రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు. గ్యాస్ మాత్ర రోజూ వాడుతుంటే డాక్టర్‌కు చెప్పండి, అదీ ఐరన్‌ను సరిగా ఒంటబట్టనీయదు. పరగడుపున వికారం పుడితే అన్నం తర్వాత ఇవ్వొచ్చు. కాస్త తక్కువ పట్టినా, అసలు మానేయడం కంటే నయం.

మాత్ర గొంతులో ఆగితే పుండు పడుతుంది. కూర్చోబెట్టి, గ్లాసు నిండా నీళ్లతో వేయించి, అరగంట పడుకోనీయకండి. మింగలేని వాళ్లకు సిరప్ అడగండి. పళ్లు నల్లబడకుండా స్ట్రాతో తాగించి నోరు పుక్కిలించమనండి.

త్వరగా నయం కావాలని రెండేసి మాత్రలు ఇవ్వకండి. ఒక మోతాదు పడగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, తర్వాతి మోతాదును సరిగా పట్టనీయదు. కొందరు డాక్టర్లు రోజు విడిచి రోజు రాసేది అందుకే. అలా రాస్తే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

విరేచనం నల్లగా అవడం మామూలే. మలబద్ధకం వస్తే చెప్పండి. కానీ విరేచనం తారులా జిగటగా, ఘాటైన వాసనతో వస్తే లోపల రక్తం పోతున్నట్టు అనుమానించాలి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పెద్దవాళ్లలో ఐరన్ తగ్గడానికి కడుపులో, పేగుల్లో తెలియకుండా రక్తం కారడం ముఖ్య కారణం. కీళ్లనొప్పుల మాత్రలు, ఆస్పిరిన్ దానికి దారితీస్తాయి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా పాత మందుల చీటీలన్నీ వెంట పెట్టుకోండి.

నాలుగు వారాలకు మళ్లీ రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండేదాకా, సుమారు మూడు నెలలు మాత్ర కొనసాగుతుంది.

సాధన: మీరు చూసుకునే ఒకరి రోజంతా కాగితం మీద రాయండి. చాయ్, టిఫిన్, అన్నం, ప్రతి మాత్ర, టైంతో సహా. ఐరన్‌కు ఎక్కడ ఖాళీ ఉందో గీత గీయండి. వచ్చే పాఠంలో పుంటికూర, కార్జం, నిమ్మకాయ సంగతి చూద్దాం.