పాత కంట్రీ, పాప్ పాటల్లోని భావాన్ని ఆకళించుకోవడం ఎలా?

అమెరికా గ్రామీణ జానపద సంగీతం నుంచి పుట్టిన కంట్రీ పాటలు, పాప్ పాటలు వినేటప్పుడు చాలామంది పల్లవి దగ్గరే ఆగిపోతారు. ఈ పాటల అసలు బరువు తరచుగా చరణాల్లో ఉంటుంది కనుక, మొదట సంగీతం లేకుండా సాహిత్యాన్ని ఒకసారి చదివి, ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారో తేల్చుకోవాలి.

డాలీ పార్టన్ రాసి పాడిన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను తీసుకుందాం. పేరు చూస్తే ప్రియుడికోసం రాసినట్టు అనిపిస్తుంది. కాని అసలు సంగతి వేరు. 1967లో కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ నడిపే టెలివిజన్ కార్యక్రమంలో చేరి, అక్కడే పేరు తెచ్చుకున్న డాలీ, కొన్నేళ్ల తరువాత సొంత దారి చూసుకోవాలనుకున్నారు. తనను పైకి తెచ్చిన మనిషిని మాటలతో ఒప్పించలేక, ఆ వీడ్కోలును పాటగా రాశారు. అది 1974లో విడుదలైంది. ఈ సంగతి తెలిసి మళ్లీ వింటే, తానిక్కడే ఉండిపోతే నీకు అడ్డమవుతానన్న మొదటి మాటలోనే కృతజ్ఞత, తెగింపు రెండూ వినిపిస్తాయి. చివరి చరణం దగ్గర మరింత శ్రద్ధగా వినండి. ఎదుటి మనిషికి మేలు జరగాలని కోరే ఆ మాటలను ఆమె పాడరు, ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు పలుకుతారు. నా దృష్టిలో పాటకు ప్రాణం అక్కడే ఉంది.

వెంటనే 1992లో ‘ది బాడీగార్డ్’ చిత్రం కోసం విట్నీ హ్యూస్టన్ పాడినది వినండి. వాద్యాలు లేని ఒంటరి గొంతుతో మొదలైన పాట, చివరిలో డ్రమ్ము దెబ్బతో పై శ్రుతికి ఎగురుతుంది. డాలీ మాటలుగా చెప్పిన చరణాన్ని విట్నీ రాగంతోనే పాడతారు. డాలీ గొంతులో ఓదార్పుగా ఉన్న వీడ్కోలు ఇక్కడ ఆపుకోలేని దుఃఖమవుతుంది. అమెరికాలో పాటల ఆదరణకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచిన ఈ పాటను ముందు విన్నవారు డాలీ పాటను తప్పక వినాలి.

శ్రుతి మార్పును గమనించడానికి జానీ క్యాష్ 1956లో పాడిన ‘ఐ వాక్ ద లైన్’ కూడా పనికొస్తుంది. భార్యకు నమ్మకంగా ఉంటానన్న మాట అది. చరణం చరణానికి శ్రుతి మారుతుంటే ఆయన కూనిరాగంతో దాన్ని అందుకుంటూ, చివరి చరణాన్ని మొదటిదానికంటే ఒక పూర్తి స్థాయి (ఆక్టేవ్) కింద పాడతారు.

కథ చెప్పే పాటల్లో మలుపుకు ముందు ఒకసారి ఆపాలి. 1980లో జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ (ఆమెను ప్రేమించడం అతను ఈరోజు మానేశాడు) పాటలో, విడిచి వెళ్లినామె ఉత్తరాలను పడక పక్కనే దాచుకున్న మనిషి ముఖంలో, ఎన్నో ఏళ్ల తరువాత తొలిసారి నవ్వు చూశానని స్నేహితుడు చెబుతాడు. అక్కడ ఆపి, ఆ నవ్వుకు కారణమేమిటో ఊహించండి. తరువాత వచ్చే పల్లవిలో ఆయన ఇంటి తలుపుకు పూలచక్రం ఉంటుంది. ప్రేమ ఆగింది మరణంతోనే.

ఈ పాటను 1975లో గాయని టామీ వైనెట్‌తో జోన్స్ విడాకులకు ముడిపెట్టి వినేవారు ఉన్నారు. కాని దీన్ని రాసింది బాబీ బ్రాడక్, కర్లీ పట్‌మన్. గాయకుడి జీవితంలో అర్థం వెతికే ముందు, రచయిత పేరు చూడటం అవసరం.