ఎఫ్‌1 గొడవ మొదలైతే ముందు కొలత చూడండి

2025 నవంబర్‌లో లాస్ వేగాస్ ఫార్ములా వన్ (ఎఫ్‌1) కార్ల రేసు మనకి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి మొదలైంది. చివరి ల్యాపుల్లో, అంటే చివరి చుట్లలో, రెండో స్థానంలో ఉన్న మెక్‌లారెన్ డ్రైవర్ లాండో నోరిస్ ఉన్నట్టుండి నెమ్మదించాడు. పెట్రోల్ తక్కువైందని అంతా అనుకున్నారు. మా వాట్సాప్ గ్రూపులో నేనూ అదే గట్టిగా వాదించి, లెక్క తప్పిన ఇంజినీర్‌ని నాలుగు తిట్టాను కూడా. భోంచేసి ఓ కునుకు తీసి లేచేసరికి మెక్‌లారెన్ కార్లు రెండూ డిస్‌క్వాలిఫై!

గొడవ పెట్రోల్‌తో కాదు, కారు అడుగున బిగించే పలకతో, ట్రాక్‌కి రాసుకుని అరిగేది అది. కొత్తగా ఉన్నప్పుడు దాని మందం 10 మిల్లీమీటర్లు, రేసు అయ్యాక కొలిస్తే 9కి తగ్గకూడదు. నోరిస్ కారులో ఒకచోట 8.88, అతని టీమ్‌మేట్ పియాస్ట్రి కారులో ఒకచోట 8.74 వచ్చింది. వెంట్రుకవాసి తేడా. కావాలని చేసింది కాదని రేసులో తీర్పు చెప్పే స్టీవార్డ్‌లే ఒప్పుకున్నారు, అయినా కనికరం లేదు.

అప్పట్నుంచి ఏ వివాదం వచ్చినా నేను ముందు అడిగేది ఒకటే: ఇది కొలిచే తప్పా, తీర్పు చెప్పే తప్పా? బరువు, పలక, పెట్రోల్ శాంపిల్ లాంటివి కొలిచేవి. అక్కడ వాదనకి చోటు లేదు, మీ అభిమాన డ్రైవర్ అయినా సరే నోరు మూసుకోవాల్సిందే. 2025లోనే చైనాలో ఫెరారీ డ్రైవర్లు హామిల్టన్ పలక అరిగి, లెక్లెర్ కారు ఒక కిలో తక్కువ తూగి, ఇద్దరూ ఒకే రోజు డిస్‌క్వాలిఫై అయ్యారు. మలుపులో ఎవరు ఎవర్ని తోశారు, ప్రమాదం జరిగినప్పుడు అందర్నీ నెమ్మదింపజేసే సేఫ్టీ కార్ ఎప్పుడు లోపలికి రావాలి అన్నవి మాత్రం మనుషులు తేల్చేవి. వాటి మీద ఎంతసేపైనా కొట్టుకోవచ్చు. 2021 అబుదాబి రేసులో సేఫ్టీ కార్ నిర్ణయం మీద ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం కదా.

తర్వాత చేయాల్సింది, స్టీవార్డ్‌ల నిర్ణయం కాగితం తెరిచి చదవడం. ఎఫ్‌1 నిబంధనలు చూసే సంస్థ ఎఫ్‌ఐఏ వెబ్‌సైట్‌లో ప్రతి రేసు వారం ఇవన్నీ నంబర్లు వేసి పెడతారు. చాలావరకు ఒకటి రెండు పేజీలే, ఏ నిబంధన, ఏం జరిగింది, ఎందుకు శిక్ష, అంతే. టీవీలో వినిపించే టీమ్ రేడియోని, అంటే డ్రైవర్, ఇంజినీర్ల మాటల్ని, మాత్రం సగానికి సగం కొట్టేయండి. అది ఏరి వినిపించేది, పైగా కొంచెం ఆలస్యంగా వస్తుంది.

కుట్ర సిద్ధాంతం వింటే కాగితం మీద కూడికలు వేయండి. ఖతార్ 2025 చూడండి: రేసు 57 ల్యాపులు, ఒక సెట్ టైర్లు 25 ల్యాపులకి మించి వాడకూడదన్నారు. ఏడో ల్యాపులో సేఫ్టీ కార్ వచ్చింది. మిగిలినవి సరిగ్గా 50, అంటే రెండు పాతికలు. అప్పుడు టైర్లు మార్చుకోవడానికి పిట్‌కి వెళ్తే లెక్క అచ్చంగా సరిపోతుంది. రెడ్‌బుల్ డ్రైవర్ వెర్‌స్టాపెన్ వెళ్లాడు, గెలిచాడు. మెక్‌లారెన్ రెండు కార్లనీ ట్రాక్ మీదే ఉంచేసింది. పియాస్ట్రిని తొక్కేసి నోరిస్‌కి మేలు చేయడానికే ఇలా చేశారని ఒకటే గోల. మరి దాంతో నోరిస్‌కి దక్కిందేంటి, నాలుగో స్థానం! అది కుట్ర కాదు, శుద్ధ తెలివితక్కువ పని.

2026 నిబంధనల మీద వాదనలకి ఇంకో చిట్కా కావాలి: ఎవరి ఇంజిన్ ఎవరు కొంటున్నారో ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. మెర్సిడెస్ ఇంజిన్ మెక్‌లారెన్, విలియమ్స్, ఆల్పైన్‌లకి కూడా వెళ్తుంది. ఫెరారీది హాస్, కాడిలాక్‌లకి. సీజన్ మొదలవకముందే కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలి, ఇంధనాన్ని ఎంత నొక్కుతారన్న లెక్క, పెరిగితే పవర్ పెరుగుతుంది) గొడవ లేచినప్పుడు ఆ చీటీయే పనికొచ్చింది. పరిమితి 16:1, కానీ అప్పట్లో కొలత తీసేది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, మరి వేడెక్కాక అది పెరిగేలా చేస్తే? ఎక్కువ వేళ్లు మెర్సిడెస్ వైపే. ఇలాంటప్పుడు ఆ ఇంజిన్ కొనే టీమ్ బాస్ ఏమన్నాడన్నది నేను పెద్దగా పట్టించుకోను.

ఇక ‘ఇది రేసింగ్ కాదు, బ్యాటరీ మేనేజ్‌మెంట్’ అన్న ఫిర్యాదు. ఇందులో నిజం ఉంది. 2026 కార్లలో ఇంజిన్‌కి తోడుండే ఎలక్ట్రిక్ మోటార్ 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది, బ్యాటరీలో ఒక విడతకి వాడుకోగలిగేది మాత్రం 4 మెగాజౌల్స్. భాగించి చూడండి, పూర్తి పవర్‌తో తొక్కితే పదకొండు సెకన్ల చిల్లర! అందుకే పొడవాటి స్ట్రెయిట్ చివర్లో కారు వేగం పడిపోతుంటే డ్రైవర్‌ని తిట్టకండి, చార్జ్ ఎక్కడ ఖర్చు పెట్టాడో చూడండి.

కానీ అందుకని బోర్ కొడుతుందనుకోవడం నాకు నచ్చదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఇ (పూర్తిగా ఎలక్ట్రిక్ కార్ల) రేసు చూశాను. చివర్లో జాన్ ఎరిక్ వెర్న్ వెనకాల కాసిడీ అంటుకుని వస్తుంటే, చార్జ్ ఎవరికి ముందు అయిపోతుందోనన్న టెన్షన్‌తో మా స్టాండ్‌లో ఎవరూ కూర్చోలేదు. వెర్న్ గెలిచాడు. మూడోది బుయెమి అనుకుంటూ ఇంటికి బయల్దేరాను. ఖైరతాబాద్‌లో టీ తాగుతూ ఫోన్ తీస్తే, ఉండాల్సిన దానికంటే ఎక్కువ పవర్ వాడాడని పెనాల్టీ వేసి, ఆ స్థానం డా కోస్టాకి ఇచ్చేశారు.