ఈవెంట్స్ రోజుకు మనసును సిద్ధం చేసుకోవడం ఎలా?

తెల్లవారుజామున తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పరుగు తీసే యువతీయువకులలో పోలీసు, సైనిక ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఎప్పుడూ కనిపిస్తారు. వాళ్ల మాటల్లో ఇవి ‘ఈవెంట్స్’. సాధనలో 1600 మీటర్లను ఏడున్నర నిమిషాలకే ముగించే అభ్యర్థి పరీక్ష రోజున ఎనిమిది నిమిషాల గడువు దాటించి తిరిగివస్తే, ‘ధైర్యం చాలలేదు’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. కాళ్లకు ఆరు నెలలు తర్ఫీదు ఇచ్చి, మనసుకు ఒక్క పూట కూడా ఇవ్వకపోవడమే అసలు కారణమని నేను అనుకుంటాను. క్రీడా మనస్తత్వశాస్త్రం చెప్పే పద్ధతులను పరుగుతో పాటు అదే మైదానంలో, అదే చెమటలో అలవాటు చేసుకోవాలి. చివరి వారంలో ఉత్సాహపరిచే వీడియోలు చూసినంత మాత్రాన అవి పట్టుబడవు.

మొదట అంకెను ముక్కలు చేయండి

2022 నాటి ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం సివిల్ విభాగంలోని పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాలలో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. దానితో పాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకదానిలో అర్హత సాధించాలి. ఎనిమిది నిమిషాలు అని తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. అదే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు రెండు నిమిషాలు, ప్రతి వంద మీటర్లకు ముప్పై సెకన్లు అని విడదీసుకుంటే అది చేయదగిన పనిగా కనిపిస్తుంది. అలిపిరి నుంచి కొండకు నడిచేవారెవరూ 3,550 మెట్లను ఒక్కసారిగా తలకెత్తుకోరు. ముందు గాలిగోపురం దాకా అనుకుంటారు, మోకాళ్ల మెట్టు సంగతి అక్కడికి చేరాక చూసుకుంటారు.

లక్ష్యాలలో మూడు రకాలు ఉంటాయి. ఉద్యోగం రావడం ఫలితానికి చెందినది, అది పూర్తిగా మన చేతిలో ఉండదు. 7 నిమిషాల 40 సెకన్లలో ముగించడం ప్రదర్శనకు చెందినది. మొదటి రౌండును రెండు నిమిషాలకు మరీ ముందుగా ముగించకపోవడం, భుజాలు బిగపట్టకుండా పరుగెత్తడం పద్ధతికి చెందినవి. రోజువారీ సాధనకు ఈ మూడో రకమే ఆధారం కావాలి. ఆ నోటిఫికేషన్‌కు ప్రాథమిక రాత పరీక్ష 2023 జనవరిలో జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర మొదలయ్యాయి. తేదీని మాత్రమే నమ్ముకొని సాధన చేసేవారికి అంత నిరీక్షణలో ఉత్సాహం ఇంకిపోతుంది. ‘ఈ వారం మూడో రౌండును రెండు సెకన్లు తగ్గించాలి’ అని రాసుకున్నవారికి రేపు ఉదయం చేయవలసిన పని ఎప్పుడూ ఉంటుంది.

నమ్మకానికి లెక్క రాయండి

ఒక పనిని చేయగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించాడు. స్వయంగా సాధించిన అనుభవం, తనవంటివారు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహం, తన శరీర స్థితిని తాను అర్థం చేసుకొనే తీరు అనే నాలుగింటిలో మొదటిదే అన్నిటికన్నా బలమైనదని ఆయన చెప్పాడు. అందుకే ఒక చిన్న నోటు పుస్తకం కొనుక్కోండి. తేదీ, ప్రతి రౌండుకు పట్టిన సమయం, ఆ రోజు కుదిరిన ఒక్క విషయం అందులో రాయండి. మైదానం గట్టున నిలబడి అరిచే మాటలు ఆ రోజుకు పనికివస్తాయేమో గాని, పరీక్షకు ముందురోజు రాత్రి నిద్ర పట్టనప్పుడు తిరగవేయడానికి మీ చేతిరాతలోని అంకెలే ఉండాలి.

మూడో రౌండుకు మాటలు సిద్ధం చేసుకోండి

1600 మీటర్లలో మనసు ఎక్కువగా తడబడేది మూడో రౌండులోనే. మొదటి రౌండును ఉత్సాహం లాక్కుపోతుంది, రెండోదానిలో లయ దొరుకుతుంది, నాలుగో దానిలో గీత కనిపిస్తూ ఉంటుంది. మూడోదానిలో మాత్రం ఊపిరి బరువెక్కి, గమ్యం ఇంకా దూరంగానే ఉండి, ‘కాసేపు నడుద్దామా’ అన్న ఆలోచన ఒకటి మెల్లగా తలెత్తుతుంది. దాన్ని రాకుండా ఆపలేం. వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోవచ్చు. మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించిన ‘ఇలా జరిగితే అలా చేస్తాను’ అనే తరహా సంకల్పం ఇక్కడ చక్కగా సరిపోతుంది. ‘నడవాలనిపిస్తే, వెంటనే భుజాలు వదులు చేసి, పది అడుగులు లెక్కపెడతాను’ అని ఒక వాక్యం రాసుకొని, సాధనలో ప్రతిసారీ మూడో రౌండులో దాన్నే అమలు చేయాలి.

తనతో తాను చెప్పుకొనే మాట కూడా పొట్టిగా, నోటికి అలవాటైన యాసలో ఉండాలి. ‘నేను విజేతను’ వంటి అరువు వాక్యాలు దగ్గు వచ్చేంత ఆయాసంలో గుర్తుకు రావు; ‘చేతులు ఊపు’, ‘ఇంకో మలుపే’, ‘నిదానంరా, నీ లయ నీదే’ వంటివి గుర్తుకు వస్తాయి. మొదటి రెండు రౌండ్లకు పద్ధతిని గుర్తుచేసే మాటలను, చివరి రెండింటికి ఉత్సాహపరిచే మాటలను ఎంచుకోవడం మంచిది. అయితే ఒక హెచ్చరిక: ఈ మాటలు అలసటను దాటడానికే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కీలులో పదునైన పోటు వస్తే ఆగిపోవాలి, వైద్యుడికి చూపించుకోవాలి.

కళ్లు మూసుకొని పరుగెత్తండి

రోజుకు పది నిమిషాలు చాలు. స్టాప్‌వాచ్ నొక్కి, కళ్లు మూసుకొని, ఒక రౌండును అసలు పరుగుకు పట్టేంత సమయంలోనే మనసులో పూర్తి చేయండి. ఒకటిన్నర నిమిషానికే ముగిసిపోతే మీరు పరుగెత్తలేదు, పరుగెత్తినట్టు కథ చెప్పుకున్నారు. బూట్లు వేసుకొని, వీలైతే మైదానం పక్కనే కూర్చొని, పాదాల కింద నేల గట్టితనాన్ని, ఎండను, పక్కవాడి శ్వాసను కూడా ఊహలోకి తెచ్చుకోవాలి. అంతా సవ్యంగా సాగినట్టే ఊహించకుండా, మొదటి మలుపులో ఎవరో తగిలి తూలినట్టు, మళ్లీ లయ అందుకున్నట్టు కూడా ఒకసారి చూసుకోండి.

గుండెదడను ఎలా చూడాలి?

ఉద్వేగం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పని చెడుతుందన్న సూత్రానికి 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే మనస్తత్వవేత్తలు చేసిన ప్రయోగాలు మూలం. ఎంత ఉద్వేగం సరిపోతుందన్నది మనిషిని బట్టి, ఈవెంటును బట్టి మారుతుంది. 100 మీటర్లకు కొంత వేడి కావాలి, 1600కు ముందు చల్లబడాలి. చల్లబడటానికి నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఐదు నిమిషాలలో తేడా తెలుస్తుంది. వేడెక్కడానికి రెండు మూడు చిన్న పరుగులు తీయండి. గుండె దడదడలాడితే ‘భయపడుతున్నాను’ అనుకోకుండా ‘ఒళ్లు సిద్ధమవుతోంది’ అని పేరు పెట్టుకోండి.

పరీక్షకు ముందే ఒక పరీక్ష పెట్టుకోండి

అసలు రోజుకు రెండు మూడు వారాల ముందు, తిరుపతివారు చిత్తూరులోనో, చిత్తూరువారు తిరుపతిలోనో, అలవాటు లేని మైదానంలో, పరిచయం లేని మనుషుల మధ్య ఒకసారి పరుగెత్తాలి. ఆ రోజు కావాలని రెండు గంటలు వేచి ఉండండి, ఎందుకంటే ధ్రువపత్రాల పరిశీలన, ఎత్తు కొలతల వరుసల్లో నిలబడ్డాకే పరుగు వంతు వస్తుంది. పక్కన పోటీదారులుంటే మనిషి వేగం పెరుగుతుందని మనస్తత్వవేత్త నార్మన్ ట్రిప్లెట్ 1898లోనే సైకిల్ పందేల సమయాలను పోల్చి చూపించాడు. మనకది వరమూ కాగలదు, ఉచ్చు కూడా కాగలదు. గుంపుతో పాటు మొదటి రౌండును ఒకటిన్నర నిమిషంలో లాగేసినవారు మూడో రౌండులో దానికి వడ్డీతో సహా చెల్లిస్తారు. ఈ నమూనా పరీక్షలో మీరు నేర్చుకోవలసినది ప్రధానంగా ఒక్కటే, గుంపును ముందుకు పోనివ్వడం.

చివరి రెండు రోజులలో కొత్త బూట్లు, కొత్త పానీయాలు, స్నేహితుల టైమింగుల కబుర్లు వద్దు. మొక్కు ఉంటే కొండ మెట్లు పరీక్ష అయ్యాకే ఎక్కండి. దిగేటప్పుడు తొడలకు పట్టే నొప్పి రెండు మూడు రోజులు వదలదు. రాత్రికి అలవాటైన భోజనం మితంగా తిని, ఉదయం అలవాటైన ఇడ్లీలే పరుగుకు చాలినంత ముందుగా తినండి.

ఒక ఈవెంటు ముగిశాక దాని గురించి చర్చించకుండా నీళ్లు తాగి, పక్కకు వెళ్లి, తర్వాతి దానికి పెట్టుకున్న మాటను అందుకోవాలి. లాంగ్ జంప్‌లో అడుగు గీత దాటితే, పరుగు మొదలుపెట్టే గుర్తు నుంచి అడుగుల లెక్కను సరిచూసుకోండి, దురదృష్టాన్ని తిట్టుకోవద్దు. అన్నీ అయ్యాక, ఫలితం ఎలా ఉన్నా, ఆ సాయంత్రమే నోటు పుస్తకం తెరిచి నాలుగు రౌండ్ల సమయాలను, మూడో రౌండులో మీరు నిజంగా చెప్పుకున్న మాటను రాసి పెట్టుకోండి.